పోరంబోకు

'పోరంబోకు' అన్నది ఈనాడు తిట్టు. పనీపాటా లేక తిరిగేవాణ్ణి అలా అంటాం. గ్రామలెక్కల్లో ఆ మాటకున్న గౌరవం వేరు. తమిళం నుండి వచ్చిన ఈ పదానికి శిస్తు లెక్కకు వెలుపల విడిచిన భూమి అని అర్థం. చెరువుగట్టు, మందబయలు, శ్మశానం, బండిదారి, అన్నీ పోరంబోకులే. పశువుల మేతకు విడిచిన నేలను తెలంగాణలో బంచరాయి అన్నారు. ఇవి ఎవరి పట్టాలోనూ లేవు గనుకనే అందరివీ అయినాయి. మాట తిట్టుగా దిగజారినట్లే నేల కూడ 'ఖాళీ జాగా'గా దిగజారింది. ఖాళీ కనబడితే ఏదో ఒకటి కట్టవలెనన్న ఆరాటం మనది.

హైదరాబాదులోని హుస్సేన్‌సాగరు తీరమే చూడండి. పదహారవ శతాబ్దంలో, ఇబ్రహీం కుతుబ్ షా ఏలుబడిలో కట్టిన చెరువిది. దాని ఒడ్డున లుంబినీ పార్కు, సంజీవయ్య పార్కు పచ్చగానే ఉన్నాయి. కాని గుమ్మం దగ్గర టిక్కెట్టు కొనాలి. 2023లో ఆ పరిసరాల్లోనే 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం, తెలంగాణ అమరుల స్మారకం వెలిశాయి. ఆ మహనీయునికి, ఆ అమరులకు చేతులు జోడించని వారెవరు? చిక్కంతా అక్కడే ఉన్నది. మంచి కట్టడాన్ని వద్దనడానికి నోరు రాదు. విడివిడిగా చూస్తే ప్రతిదీ న్యాయమే. అన్నీ కలిస్తే మాత్రం గడ్డిమీద ఊరికే కూర్చునే చోటు తరిగిపోతుంది.

ఈ చిక్కు అమెరికాలోని షికాగో నగరానికీ వచ్చింది. అక్కడి సరస్సు ఒడ్డున కొంత నేల ఏ కట్టడమూ లేక ఎన్నటికీ బయలుగానే ఉండవలెనని 1836లో పటం మీదనే వ్రాసిపెట్టారు. ఆ వ్రాతను ఆధారం చేసుకొని మాంట్‌గోమరీ వార్డ్ అనే వర్తకుడు 1890 నుండి 1911 దాకా న్యాయస్థానాల్లో పోరాడాడు. ఆ చోట మ్యూజియం కట్టబోతే దానినీ అడ్డుకున్నాడు. మ్యూజియం వేరొక చోట వెలసింది. గ్రాంట్ పార్కు ప్రజలకు మిగిలింది.

టిక్కెట్టు లేకుంటే మొక్కలకు నీళ్ళెవరు పోస్తారని కొందరు అడుగుతారు. వీధిదీపం వెలుగుకు టిక్కెట్టు పెట్టామా? పన్నులు కడుతున్నది అందుకే కదా. పెరడున్న వారికి పార్కు వినోదం. ఒంటిగది అద్దె ఇంట్లో నలుగురు పిల్లలతో ఉన్న తల్లికి అదే పెరడు. ఆమెకు బస్సు ఛార్జీ మీద గుమ్మం ఛార్జీ కూడ ఎందుకు?

మనకు ఆధారం లేకపోలేదు. పంజాబులో ఒక ఊరి చెరువు ఆక్రమణకు సంబంధించిన జగ్‌పాల్ సింగ్ కేసులో, 2011 జనవరిలో, గ్రామాల ఉమ్మడి భూములను కాపాడమని సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. పల్లె చెరువుకు తగిన న్యాయం పట్నపు చెరువుకు తగదా? సాగరు చుట్టూ మిగిలిన ప్రతి బయలునూ పటంలో గుర్తించి, ఇక్కడ కట్టడం లేదు, టిక్కెట్టు లేదు అని చట్టంలో వ్రాయాలి. ఒక్కమాటలో 'పోరంబోకు' అని వ్రాసినా నాకు సమ్మతమే.

మీ ఊరి ఏటిగట్టు, చెరువుగట్టు ఇప్పుడు ఏ లెక్కలో ఉన్నాయో మిత్రులు తెలుపగలరు.