పదిహేను రోజుల అనుమతి తోపుడు బండికి అందదా?

మన ప్రవాస సంఘం సభ్యుల్లో చాలామంది హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి, అక్కడి కోచింగ్ సెంటర్లలో చదువుకుని దేశం దాటినవాళ్లే. నెలాఖరు రోజుల్లో మన కడుపు నింపింది రోడ్డు పక్క టిఫిన్ బండి. 2013 ఫిబ్రవరిలో బాంబులు పేలిన ఆ రోడ్డు మీదే మళ్లీ బళ్లు నిలబెట్టి బతికారు ఆ బండ్లవాళ్లు.

ఇక అనుమతుల సంగతికొస్తే, 2014లో తెలంగాణ పరిశ్రమల కోసం టీఎస్‌ఐపాస్ చట్టం తెచ్చింది. భారీ పరిశ్రమకు 15 రోజుల్లో, మిగతావాటికి 30 రోజుల్లో అనుమతులు ఇవ్వాలంది. మంచి చట్టం. 2016లో సులభతర వాణిజ్యంలో రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసి మొదటి ర్యాంకు తెచ్చుకుంటే మనమంతా సంబరపడ్డాం.

అదే 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. వీధి వ్యాపారుల సర్వే పూర్తిచేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదు. కదిలించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. జప్తు చేసిన సరుకు పాడైపోయేదైతే అడిగిన రోజే తిరిగివ్వాలి. కానీ ఎల్బీనగర్‌లో బళ్లు ఖాళీ చేయించే మున్సిపల్ వ్యాన్ వస్తోందంటే చాలు, జామకాయల బండి ఆమె గొడుగు ముడిచి, కాటా చంకన పెట్టుకుని సందులోకి తోసుకుపోతుంది. తన చేతిలో ఉన్న హక్కేమిటో ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

ఖర్చులూ తక్కువేం కాదు. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోయాక సరుకు తెచ్చుకోవడానికి ఆటో కిరాయి మీద పడింది. పెట్టుబడికి గిరిగిరి అప్పు: చేతికిచ్చేది తొమ్మిది వేలు, రోజుకు వంద చొప్పున వంద రోజుల్లో కట్టేది పదివేలు. అసలు రోజూ తరుగుతూనే ఉంటుంది కాబట్టి, లెక్కేస్తే ఈ వడ్డీ ముందు బ్యాంకు వడ్డీ దిగదుడుపే. 2020లో వచ్చిన పీఎం స్వనిధి రుణ పథకం ఈ ఉచ్చు తెంచడానికే. పూచీకత్తు అడగరు, సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ, ఆపైన పెద్ద అప్పు. అయితే ఆ అప్పుకు ముందు మనిషి వీధి వ్యాపారిగా కాగితం మీద ఉండాలి.

రోడ్డు ఇరుకు, నడిచేవాళ్లకు ఇబ్బంది అన్నది నిజం. అందుకే వీధి వ్యాపారుల చట్టం అమ్ముకోవడానికి వెండింగ్ జోన్లు పెట్టమంది, నిర్ణయాలు తీసుకునే కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలంది. 2018లో మెట్రో వచ్చాక ఎల్బీనగర్ దాకా స్టేషన్ల కింద జనం పెరిగారు. జోన్లు అక్కడే గుర్తించాలి.

మంత్రులు, అధికారులు పెట్టుబడుల కోసం మనం ఉంటున్న విదేశీ ఊళ్లకు వస్తూనే ఉంటారు. ఈసారి వచ్చినప్పుడు భూమి, పన్ను రాయితీల గురించి అడిగాక ఇంకొక్క ప్రశ్న కూడా వేయండి: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో ఎంతమందికి సర్టిఫికెట్లు ఇచ్చారు, జోన్లు ఎక్కడ? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. మన పత్రికకు పంపండి, అచ్చువేస్తాం.