ఎగిరిన రేకు ఏ లెక్కల రాస్తరు?

ఉగాది దాటినంక మిరుగం వచ్చేదాకా మన ఆదిలాబాద్ జిల్లాల గాలి ఎప్పుడు లేస్తదో ఎవరికీ తెల్వది. పొద్దంత ఎండ మండి, మాపటికి మబ్బు పట్టి, దుమ్ము లేచిందంటే బోథ్ పక్క పల్లెల్ల ముందుగాల ఎగిరేది వాడ ఇండ్ల రేకులే. స్లాబు ఇంటాయన కిటికీ పెట్టుకుంటడు. మనోళ్లు రేకుల మీద రాళ్లు, ఇసుక మూటలు పెడతరు. గాలి చూరు కిందికెల్లి దూరి పైకి లేపుతది గనుక ఆ రాయి సుత రేకుతోని లేచి పిల్లల మీద పడుతది. దీన్ని కర్మ అంటరు. కర్మ ఎట్లయితది? ఇల్లు కట్టిననాడు చాలినన్ని హుక్కులు కొననీకి చేతిల పైసలు లేవు, అంతే.

తెల్లారి పంచనామా అంటరు. వచ్చిన అధికారి ఎక్కడ కూసుంటడు? ఊరి పెద్దమనిషి అరుగు మీద. చాయ తాగి నలుగురిని అడిగి పేర్లు రాసుకుంటడు. వాడల అడుగు పెట్టకుండనే వాడ నష్టం తేలిపోతది. 2020ల వీఆర్వో పోస్టులు రద్దు చేసినంక కొన్నేండ్లు రాసేటోడు సుత ఊర్లె లేడు. 2025ల గ్రామ పాలన అధికారులను పెట్టిండ్రు. పేరు మారింది, మంచిదే. అరుగు మారిందా అన్నది మనం చూడాలె.

ఎందుకంటే ఆ కాయితంల పడే ఒక్క మాటకు విలువ ఉన్నది. 2022 అక్టోబర్‌ల కేంద్ర హోంశాఖ 2022-26 సంవత్సరాలకు విపత్తు సాయం లెక్క ఇచ్చింది. ఇల్లు పూర్తిగా కూలినా, తీవ్రంగా దెబ్బతిన్నా మైదాన ప్రాంతంల 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతంల 1,30,000. పాక్షికంగా, అంటే కనీసం 15 శాతం దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. గుడిసెకు 8,000. ఇంటికి ఆనుకున్న పశువుల కొట్టానికి 3,000. ఇగ చూడుండి. రేకులన్నీ పోయి, మట్టిగోడ నెర్రెలిచ్చి ఒక పక్కకు ఒరిగింది. ఇది తీవ్రమా, పాక్షికమా? ఒక మాట రాస్తే లక్షకు పైన, ఇంకో మాట రాస్తే నాలుగు వేలు. నాలుగు వేలకు పది రేకులు సుత రావు.

అదే లెక్కల ఇంకో మెలిక ఉన్నది. ఇల్లు సర్కారు ధ్రువీకరించిన అనుమతి కట్టడమై ఉండాలెనట. తాతకిచ్చిన జాగల ముగ్గురు కొడుకులు మూడు అర్రలు ఏసుకున్నరు. పట్టా కాయితం సందుగల చెదలు తిన్నది. మాల, మాదిగ, మహార్, మాంగ్, నేతకాని వాడలన్నిట్ల ఇదే కథ. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు చూపి పంచాయతీ నుంచి ధ్రువీకరణ ఇప్పుడే అడుగుండి. గాలి వచ్చినంక అడిగితే దొరకది.

గాలి అన్నది సుత ఆ జాబితాల లేదు. తుపాను, వరద, వడగండ్లు, అగ్ని అని 12 విపత్తులున్నయి. మన ఎండకాలపు ఈదురుగాలి పేరు లేదు. రాష్ట్రం దాన్ని స్థానిక విపత్తుగా ప్రకటిస్తే ఆ నిధిల 10 శాతం దాకా ఖర్చు పెట్టొచ్చు. గనుక రాళ్లవాన పడ్డనాడు రాళ్లవాన అని తప్పకుండ రాయించుండి. పడని రాళ్లు పడ్డయని మాత్రం చెప్పొద్దు. 2005 విపత్తుల చట్టంల అబద్ధపు సాయం అడిగినోనికి రెండేండ్ల దాకా జైలున్నది.

2023 మార్చిల రాళ్లవానకు కరీంనగర్ దిక్కు పంటలు పోతే అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ తిరిగి చూసి ఎకరానికి 10 వేలు ప్రకటించిండు. కాదనం. ఎకరం ఉన్నోని నష్టం ఎకరాలల్ల కనపడుతది. ఎకరం లేనోనికి ఉన్నది తల మీది రేకే.

"బ్యాంకుల బీమా కట్ అయితున్నది గద" అనేటోళ్లు మస్తుమంది. ఏడాదికి 20 రూపాయలు పోయేది ప్రమాద బీమాకు, 436 పోయేది ప్రాణానికి. 2018ల వచ్చిన రైతుబీమా పట్టాదారు ప్రాణానికి. వీటిల ఒక్కటి సుత ఇంటికి కాదు. ఇంటికి 2021 ఏప్రిల్ నుంచి 'భారత్ గృహ రక్ష' అనే పాలసీ ఉన్నది. గాలివాన, వడగండ్లు, వరద దాంట్ల వస్తయి. ఇంటికి బ్యాంకు అప్పు తీసుకున్నోళ్లు కాయితాలు తీసి చూడుండి, ఉంటే ఉండొచ్చు. ఉంటే వెంటనే కంపెనీకి తెలుపాలె, సర్వేయరుకు చూపాలె. ఇయ్యమంటే ఎందుకియ్యరో రాసిమ్మనాలె. హైదరాబాద్‌ల బీమా అంబుడ్స్‌మన్‌కు పైస ఖర్చు లేకుండ ఫిర్యాదు పెట్టొచ్చు.

ఇగ గాలి పోయిన మూడో దినం దిగుతడు గుత్తేదారు. "రేకులు నేనే తెస్త, సర్కారు పైసలు సుత ఇప్పిస్త, అడ్వాన్సు ఇయ్యి, పాసుబుక్కు ఇయ్యి" అంటడు. పాసుబుక్కు ఇయ్యొద్దు, వేలిముద్ర ఎయ్యొద్దు. రేకులు దుకాణంల మీరే మీ పేరు మీద బిల్లుతోని కొనుండి. ఎన్ని రేకులు, ఎంత మందం, ఎన్ని హుక్కులు, కూలి ఎంత అన్నది కాయితం మీద రాయించుండి. అంచు రేకులకు హుక్కులు ఎక్కువ పడాలె, ముందుగాల లేచేది అవే. పైసలు మూడు వంతులుగ ఇయ్యుండి, ఆఖరి వంతు మొదటి వాన చూసినంక. పైకెక్కే మేస్త్రి చాలాసార్లు మనోడే అయితడు. ఆయన కూలి ఏనాటిదానికి ఆనాడే ఇయ్యాలె. మన పంచాయితి నడుమల కమీషన్ తినేటోనితోని. మోసం జరిగితే 1915కు ఫోన్ చెయ్యొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌ల 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతోని పని లేకుండ సర్కారు వకీలును ఉచితంగ ఇస్తది.

పంచనామా అయ్యేదాకా రేకు ముట్టొద్దని కొందరు చెప్తరు. పసిపిల్ల ఉన్న ఇంట్ల అది కుదిరే మాటేనా? ఇంటి మనుషులను నిలబెట్టి నాలుగు దిక్కుల ఫోటోలు తీయుండి. పలిగిన రేకులు పారెయ్యకుండ కుప్పెయ్యుండి. ఆ దినమే తహసీల్దారుకు దరఖాస్తు ఇచ్చి నకలు మీద ముద్ర ఏయించుకోండి. అటెన్క తాటిపత్రి కప్పుకోండి.

2004 డిసెంబర్ సునామీల నాగపట్నం దిక్కు దళితులను సాయం దగ్గర పక్కకు నెట్టిన సంగతి లోకమంతా చదివింది. తెల్లారి ఏడు వచ్చిన విపత్తుల చట్టం 61వ సెక్షన్ల సాయం ఇచ్చేకాడ కులం, మతం, ఆడ మగ భేదం చూడొద్దని రాసి ఉన్నది. ఈ సెక్షన్ నెంబరు ప్రతి కార్యకర్త నోట్ల ఉండాలె. అధికారి అరుగు మీద కూసున్నప్పుడు పనికొచ్చేది అదే.

మిరుగం లోపల్నే సంఘం ఉన్న ప్రతి వాడ నుంచి ఇద్దరు, అండ్ల చదువొచ్చిన ఆడపిల్ల ఒకరు, ఇంటింటికి తిరిగి ఏ ఇల్లు ఎవరిది, గోడ ఏంది, కప్పు ఏంది, కాయితం ఏమున్నదో నోటుబుక్కుల ఎక్కియ్యాలె. ఒక నకలు బోథ్ తహసీల్దారు ఆఫీసుల ఇచ్చి ముద్ర తీసుకోవాలె. పంచనామా వాడల నిలబడి రాయాలె, అందరికీ వినపడేటట్టు చదవాలె, లిస్టు పంచాయతీ గోడకు అతికియ్యాలె అని అదే దరఖాస్తుల అడుగుదాం.