చేతికిని కంటికిని చదువు

2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము ఒక మంచి మాట చెప్పినది. ఆరు మొదలు ఎనిమిదవ తరగతి లోపల బాలబాలికలు పది దినములు పుస్తకముల సంచి లేకుండ వడ్రంగి, కుమ్మరి, తోటమాలి మున్నగువారి యొద్ద పని నేర్వవలెనని నిర్దేశించినది. ఉద్దేశము శ్లాఘనీయము. కాని చేతిపనితనము పది దినములలో అలవడునది కాదు. నిశితముగ చూచు అలవాటు ఆరవ తరగతిదాక వేచియుండునదియు కాదు. ఐదేండ్లు అక్షరములను అంకెలను మాత్రమే దిద్దిన బిడ్డ అటుపిమ్మట ఒక్కమారుగ చేతులు కదల్పవలెననుట క్రమము తప్పిన పని. ఈ విద్యకు తగిన చోటు ప్రాథమిక పాఠశాలయే యని మా దృఢవిశ్వాసము.

ఇది మనకు క్రొత్త విషయము కాదు. 1937 అక్టోబరులో వార్ధాయందు గాంధీమహాత్ముని అధ్యక్షతన విద్యావేత్తలు సమావేశమైరి. పిమ్మట డాక్టరు జాకీర్ హుస్సేన్ సంఘము, బడి నడచు ఐదున్నర గంటలలో 3 గంటల 20 నిమిషములు చేతివృత్తికే కేటాయించినది. 1938లో హరిపుర కాంగ్రెసు జాతీయవిద్యకు ఈ మార్గమును ఆమోదించెను. అయినను అది నిలువలేదు. ఏల? పిల్లల పనివలన వచ్చు రాబడి ఉపాధ్యాయుని జీతమునకు సరిపోవలెనను ఆశను దానికి తగిలించిరి. పెక్కుచోట్ల వృత్తి యనగా తకిలీ త్రిప్పుటయే యైనది. 1966లో కొఠారీ సంఘము ‘పని అనుభవ’ మన్నది. 1977లో ఈశ్వరభాయి పటేలు సంఘము ‘సమాజోపయోగియగు ఉత్పాదక కార్య’ మన్నది. పేర్లు మారినవి గాని పెక్కు బడులలో బిడ్డ చేతికి పలకాబలపములు తప్ప మరియొక సాధనము రాలేదు.

మరియొక పాఠమునుగూడ మరువరాదు. 1953లో మద్రాసు రాష్ట్రమున రాజగోపాలాచారిగారి ప్రభుత్వము గ్రామములలో బడివేళను మూడు గంటలకు తగ్గించి, తక్కిన వేళ పిల్లలు తలిదండ్రుల వృత్తిని నేర్వవలెననెను. కుమ్మరి బిడ్డ కుమ్మరిగనే యుండవలెనా యని ప్రజలు ఎదురుతిరిగిరి. 1954లో కామరాజు ప్రభుత్వము ఆ పథకమును ఉపసంహరించెను. ఆ ప్రజాగ్రహము న్యాయమైనది. బడిలోని చేతిపని కులవృత్తికి బాట కారాదు. తోట గలవాని బిడ్డయు, ఆ తోటలో కాయ కోయు కూలివాని బిడ్డయు ఒకే మట్టిని పిసుకవలెను. ఒకే చెట్టును పరిశీలింపవలెను. అప్పుడే అది విద్య. లేనియెడల అది కూలికి తర్ఫీదు మాత్రమే.

ఇది ఆచరణలో ఎట్లుండునో తెలియుటకు ముసునూరును తీసికొందము. ఇది నూజివీడు మామిడి సీమ. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, కలెక్టరు అను పేర్లు ఇచ్చటి బిడ్డలకు అక్షరములకంటె ముందే తెలియును. కోత ముమ్మరమగు వేళకు వేసవి సెలవులు వచ్చును గాని, పూత మొదలు పిందె వరకు నడచు కథ యంతయు బడి నడచు నెలలలోనిదే. ఆవరణలోనో, దాపుననో ఉన్న చెట్టున నాలుగు పూతరెమ్మలకు రంగుదారము కట్టి, వారమునకొకమారు పిల్లలచే లెక్క వ్రాయించిన చాలును. ఒక్కొక్క రెమ్మకు వందలకొలది, ఒక్కొక్కప్పుడు వేలకొలది పువ్వులుండును. అందు పెక్కు మగపువ్వులు. కడకు నిలుచు కాయలు ఒకటి రెండో, కొన్నిటికి అదియు లేదో. ఈ లెక్క స్వహస్తముతో వ్రాసికొన్న బిడ్డకు తీసివేత సుగమమగును. ఏల రాలినవను ప్రశ్నయు దాని నోటినుండియే వచ్చును. ఆకుపై జిగట కనబడినచో తేనెమంచు పురుగు జాడ తెలియును. జిగటపై నలుపు పేరుకొన్నచో మసి తెగులు తెలియును. మందు చల్లిన తోటలోనికి మాత్రము పిల్లలను కొనిపోరాదు. తొడిమనుండి కారు సొన చర్మమును పొక్కించునని ముందే హెచ్చరింపవలెను.

చేతిపనికిని పెట్టుబడి స్వల్పమే. బంకమన్ను, తాటియాకు, పాతపత్రికలు, దారము చాలును. మొలకెత్తిన మామిడి టెంకలోని పప్పును రాతిపై అరగదీసి పీకగ ఊదుట పల్లెపిల్లలు తమకు తామే నేర్చిన విద్య. ఒకడు చేసి చూపును, రెండవవాడు చేయబోవును, విరిగినచో మరియొక టెంక తెచ్చుకొనును, మ్రోగువరకు మానడు. బడిలో మనము ఇందలి మొదటి మెట్టుతోనే ఆగుచున్నాము. ఉపాధ్యాయుడు ఒకమారు చూపును. బాగుగ వచ్చిన నాలుగు బొమ్మలు ప్రదర్శనమునకు పోవును. తక్కిన పిల్లలు చూచువారుగ మిగులుదురు. క్రొత్త పనిని పలుమారులు చేయుటకు వ్యవధియు, చెడగొట్టి మరల చేయుటకు స్వేచ్ఛయు లేనిచోట నైపుణ్యము పుట్టదు. కొండపల్లి పొణికికర్ర బొమ్మ యైనది, నూజివీడు పనసకర్ర వీణ యైనది ఇట్టి అభ్యాసమువలననే గదా!

చదువనువ్రాయను సరిగ రాని పిల్లలకు ఇవి యేల యని కొందరడుగుదురు. తాను కన్నదానిని రెండు వాక్యములలో వ్రాయుటకంటె మంచి వ్రాతపని యేది? ఒక్క ఉపాధ్యాయుడే పలు తరగతులు నడుపు బడిలో సాధ్యమా యని మరికొందరి సందేహము. 1972లో డేవిడ్ హార్స్‌బరో కోలారు జిల్లాలో స్థాపించిన నీల్‌బాగ్ బడియందు పలు వయసుల పిల్లలు కలిసి చదువుతోడనే వడ్రంగము, కుండలపని నేర్చిరి. మదనపల్లె చెంత రిషివ్యాలీవారి గ్రామీణ పాఠశాలలు, ఒకే గదిలో ఎవరి నడకను వారు సాగునట్లు పాఠములను చీటీలుగ అమర్చినవి. సాధ్యమే, కాని ఉపాధ్యాయునికి తగిన శిక్షణ కావలెను. అది లేక ఉత్తరువులు మాత్రము పంపుట వార్ధా పథకపు తప్పిదమును మరల చేయుటయే.

మా కోరికలు మితమైనవి. పరిసరాల విజ్ఞానమునకు తోడుగ వారమునకు రెండు గంటలు కాలపట్టికలో స్థిరపడవలెను. ఒక్కొక్క పనికి నెల దినముల అభ్యాసముండవలెను. గ్రామమందలి పనివారిని గౌరవవేతనముతో బడికి పిలువవలెను. దీనికి పరీక్షయు, మార్కులును వలదు. బిడ్డ వ్రాసికొన్న పుస్తకమే సాక్ష్యము. విద్యాశాఖవారు వచ్చు పూతకాలమునకు ముందే ఈ శిక్షణ ప్రారంభింతురుగాక. మామిడిచెట్టు నీడను కూర్చుండి మామిడిని గూర్చి పుస్తకమున చదువు బిడ్డకు, తలయెత్తి చూచు తీరికనైన ఇయ్యవలెను.