పెద్దగెడ్డ మీద పడవ తిరగాలంటే ఒడ్డునున్న ఊరిని అడగాలి

పడవ ఆట ఎవరిది? హైదరాబాదు హుస్సేన్‌సాగర్ మీద తెరచాప పడవలు ఎన్నో ఏళ్లుగా తిరుగుతున్నాయి. చాలాకాలం అది మిలటరీ ఆఫీసర్ల ఆట, డబ్బున్నోళ్ల ఆట. దగ్గర్లోనే రసూల్‌పురా బస్తీ ఉంది. చెరువు కంపు, దోమలు బస్తీకి. చల్లగాలి, పడవలు క్లబ్బులకి.

2009లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వచ్చాక ఈ లెక్క కొంత మారింది. బస్తీ బడి పిల్లల్ని పిలిచి పడవ నేర్పారు. రసూల్‌పురాలోని ఉద్భవ్ స్కూలు పిల్లలు దేశస్థాయి పోటీల్లో పతకాలు కొట్టారు. అదే క్లబ్బులో నేర్చుకున్న ప్రీతి కొంగర 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలకి వెళ్లింది. ఆ క్రీడల్లోనే మధ్యప్రదేశ్ దేవాస్ జిల్లా రైతు కూతురు నేహా ఠాకూర్ వెండి పతకం తెచ్చింది. ఆమె నేర్చుకున్నది భోపాల్ పెద్ద చెరువు మీద, సర్కారు బడిలో. మన పిల్లలకి తెలివి లేదనేవాళ్లు ఇప్పుడేమంటారు? తక్కువైంది తెలివి కాదు, పడవ దాకా పోనిచ్చే దారి.

అయితే ఒక మాట. పిలిస్తే పోవడం వేరు, హక్కుగా పోవడం వేరు. క్లబ్బు పెద్దల మనసు మంచిదైతే తలుపు తెరుస్తారు. రేపు పెద్దలు మారితే? అందుకే బస్తీ పిల్లలు పడవలోనే కాదు, బస్తీ పెద్దలు కమిటీలో కూడా కూర్చోవాలి.

ఇదంతా పాచిపెంటకి ఎందుకంటారా? మన మండలంలో కేసలి దగ్గర పెద్దగెడ్డ జలాశయం ఉంది. చుట్టూ కొండలు. సాలూరు నుంచి కోరాపుట్ పోయే ఘాట్ రోడ్డు మన పక్కనే. పక్కన అరకుకి జనం ఎలా ఎగబడుతున్నారో చూస్తున్నాం. రేపు ఎవడో కారు దిగి, నీళ్లు చూసి, బోటింగు పెడతాం, క్లబ్బు పెడతాం, మీ కుర్రాళ్లకి ఉద్యోగాలిస్తాం అంటాడు. ఏ ఉద్యోగం? గేటు దగ్గర కాపలా, వంటింట్లో అంట్లు. అంతేనా?

నీటి దగ్గర మనకి జరిగింది మరిచిపోలేం. 1927లో మహద్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగడానికి అంబేడ్కర్ వేలమందితో నడవాల్సి వచ్చింది. 1985లో కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్లు పాడు చేయొద్దని అడిగినందుకే ఊచకోత మొదలైంది. నీళ్ల మీద పెత్తనం ఎవరిదో తేలకుండా ఒడ్డున ఏ బోర్డు లేచినా, అది మనల్ని దూరం పెట్టే బోర్డే అవుతుంది.

2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగింది. 26 మందే బతికారు. వాళ్లని గట్టెక్కించింది ఎవరు? ఒడ్డునున్న ఊళ్ల జనం, తమ సొంత పడవల్లో పోయి. టికెట్టు డబ్బు వేరొకరిది, ప్రాణం కాపాడే పని ఊరిది!

చట్టం ఏమంటోంది? 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల పెత్తనం పంచాయతీలకి ఇచ్చింది. పెద్దగెడ్డ చిన్నది కాదు, నీటిపారుదల శాఖది అంటారు. సరే, నీళ్లు శాఖవి. మరి రేవు, షెడ్డు, హోటలు, దారి కట్టేది నేల మీదే కదా? బొర్రా దగ్గర పుట్టిన సమతా కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమిని గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. ఏ ఊరు షెడ్యూల్డ్ జాబితాలో ఉందో, ఏది లేదో తహసీల్దారు ఆఫీసులో ముందే తేల్చుకోండి. జాబితాలో లేని ఊరికి ఈ అండ ఉండదు. అక్కడ జాగ్రత్త రెట్టింపు కావాలి.

మనం పడవలకి అడ్డం కాదు. తెరచాప పడవకి పెట్రోలు అక్కర్లేదు, నీళ్లలో నూనె కలవదు. పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్టు పడవని 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ రెండు ప్లైవుడ్ షీట్లతో అయ్యేలా, తక్కువ ఖర్చులో గీశాడు. మన వడ్రంగులకి అది చేతకాని పనేం కాదు. కాబట్టి ఎవరొచ్చినా మన షరతులివి:

1. గ్రామసభలో చదివి వినిపించకుండా ఏ కాగితం మీదా సంతకం లేదు.
2. పొలాలకి నీళ్లు, చేపల వేట, పశువుల రేవు ముందు. ఆట తర్వాత.
3. కమిటీలో సగం మంది ఒడ్డు ఊళ్లవాళ్లే. అందులో ఆడవాళ్లు, మాల పేట, రెల్లి వీధి, కొండదొర, జాతాపు, గదబ గూడేల నుంచి మనుషులు ఉండాలి.
4. ముంపులో భూమి పోయిన ఇళ్లకి మొదటి పని, మొదటి వాటా.
5. సర్కారు బడుల పిల్లలకి ఈత, పడవ ఉచితంగా నేర్పాలి. నేర్పేవాడి పని కూడా మనవాళ్లకే దక్కాలి.
6. ఒడ్డుకి కంచె వేయకూడదు.

కార్యకర్తలు ఊరూరా ఈ ఆరు మాటలు చదివి వినిపించండి. తీర్మానం రాయించి, వేలిముద్రలు తీసుకుని, ఒక నకలు పంచాయతీలో, ఒకటి ఐటీడీఏలో ఇచ్చి రసీదు తెచ్చుకోండి. కారు వచ్చాక కాదు, రాకముందే.