ఇంట గెలిచాకేనా రచ్చ?

"మన ఇల్లు మునుగుతుంటే పక్కింటికి పడవ పంపుతారా?" 2004 సునామీ మాట వచ్చినప్పుడల్లా మన క్యాంటీన్‌లో ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. ఆ డిసెంబర్ 26న తమిళనాడులో, అండమాన్ నికోబార్ దీవుల్లో వేలమంది పోయారు. మన రాష్ట్రంలోనే వందమందికి పైగా బలయ్యారు. అయినా మన నౌకాదళం ఓడలు మర్నాటికల్లా శ్రీలంక చేరాయి. తరువాత మాల్దీవులకూ, ఇండొనేషియాకూ వెళ్ళాయి.

నా మట్టుకు నాకది తప్పుగా తోచదు. మన కోస్తా పల్లెలకు రోడ్డుంది, లారీ పోతుంది. బియ్యం మూట దింపటానికి యుద్ధనౌక అక్కర్లేదు. సుమత్రా దీవి పడమటి ఒడ్డున మెలాబో అనే ఊరుంది. అలలు అక్కడి కోస్తా రోడ్డునూ వంతెనలనూ ఊడ్చేశాయి. ఇక ఆ ఊరికి మిగిలిన దారులు ఆకాశం, సముద్రం. అక్కడికి వెళ్ళిన మన ఓడల్లో ‘నిరూపక్’ ఒకటి. అది ఫిరంగులకు పేరుపడ్డ ఓడ కాదండీ! సముద్రం లోతు కొలిచి పటాలు గీయటం దాని వృత్తి. దాన్నే ఆసుపత్రిగా మార్చి, డాక్టర్లనూ మందులనూ ఎక్కించి పంపారు.

ఆ లోతు కొలవటం మాత్రం చిన్న పనా? సునామీ వచ్చిపోయిన రేవులో ఏ పడవ మునిగి ఉందో, ఇసుక ఎక్కడ మేటవేసిందో పాత పటం చెప్పదు. అది తేలేదాకా బియ్యం ఓడ లోపలికి రావడానికి వీల్లేదు.

ఇందులో ఉన్నది పరోపకారం ఒక్కటేనని నేననను. పొరుగుదేశాల్లో పలుకుబడి ఏ ప్రభుత్వానికి చేదు? ఉంటే ఉండనీయండి. గాయానికి కట్టు కట్టించుకునేవాడికి ఆ లెక్కతో పనేముంది? 2015లో యెమెన్ యుద్ధం నుంచి మనవాళ్ళను తేవడానికి వెళ్ళిన ఓడలూ విమానాలూ 900 మందికి పైగా విదేశీయులను కూడా ఎక్కించుకుని వచ్చాయి.

నా ఫిర్యాదు వేరే ఉంది. డిసెంబర్ 4 నౌకాదళ దినం రాగానే 1971 యుద్ధాన్ని తలుచుకుంటాం, తలుచుకోవాలి కూడా. మెలాబో ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. 2024 ఫిబ్రవరిలో మన విశాఖలోనే నౌకాదళంలో చేరిన కొత్త ‘సంధాయక్’ కూడా సర్వే ఓడే. అవసరపడితే ఆసుపత్రిగా పనికొచ్చేలా కట్టారు. ఓడ సిద్ధమే, మరి చేతులో? మన ఊళ్ళో మెడికల్ కాలేజీ ఉంది, నౌకాదళం వారి ‘కల్యాణి’ ఆసుపత్రి ఉంది, ఎన్.సి.సి. నేవల్ వింగ్ ఉంది. ఈ మూడింటినీ కలిపి ఏడాదికొక్కసారైనా సహాయ శిక్షణ శిబిరం పెట్టమని మన యూనియన్ అడగవచ్చు. వచ్చే ఏడు కార్యవర్గం ఎవరిదైనా సరే, తొలి సమావేశంలోనే ఈ తీర్మానం పెట్టాలని నా కోరిక.