పడవ ‘ఆమె’, మరి ఆమె?

పందెపు పడవని ఇంగ్లీషు నావికులు ‘ఆమె’ అంటారు. దాని మీద నిజంగానే ఒక స్త్రీ ఉంటే మాత్రం, చరిత్రకారులకి ఆమె ‘యజమాని భార్య’! 1886 అమెరికాస్ కప్‌లో గలాటియా మీద సుసాన్ హెన్ ఉంది. 1895లో డిఫెండర్ మీద హోప్ గొడార్డ్ ఐసెలిన్ సమయం లెక్కగట్టింది. క్షణాలే గెలుపోటములు తేల్చే పందెంలో ఆ పని చేసినామె ఉత్త అతిథి ఎలా అవుతుంది?

నిజమే, డబ్బుంది కాబట్టే వాళ్లు పడవెక్కగలిగారు. డిఫెండర్ తెరచాపలు లాగింది మెయిన్ రాష్ట్రపు డీర్ ఐల్ జాలరులు. ఒడ్డున వాళ్ల ఇళ్లు నడిపిన ఆడవాళ్ల పేర్లు ఏ పందెపు చరిత్రలోనూ నాకు కనపడలేదు. నా పేచీ మనతో కూడా. ‘తొలి మహిళ’ల జాబితా దగ్గరే ఆగిపోతే, మనం రాసేదీ యజమానుల చరిత్రే.