వడ్డీ కారు కన్నా ఉమ్మడి కారు మేలు

గాంధారి వంటి మండల కేంద్రాల్లో ఇంటి ముందు సొంత కారు నిలబెట్టడం గౌరవచిహ్నంగా మారింది. గల్ఫ్ సంపాదన కొంత, ఫైనాన్సు అప్పు కొంత కలిపి కారు కొంటున్నారు. కొన్ని నిఖాలలో జోడేకీ రఖంతో పాటు కారు కూడా అడుగుతున్నారు. ఆ కారు నెలలో నడిచేది నాలుగైదు రోజులే. కామారెడ్డి ఆసుపత్రికి, ఎల్లారెడ్డిలో ఏదో పనికి, బంధువుల ఇంట శుభకార్యానికి, ఎప్పుడైనా శంషాబాద్ విమానాశ్రయానికి. మిగతా రోజులు అది నీడలో నిద్రపోతుంది. కిస్తు మాత్రం నిద్రపోదు.

లెక్క వేసి చూద్దాం. 8 లక్షల రూపాయల అప్పును 9 శాతం వడ్డీతో 7 ఏళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 12,870 రూపాయలు కట్టాలి. అందులో వడ్డీ రూపంలో పోయేదే మొత్తం మీద 2 లక్షల 80 వేలు. వడ్డీ నిషిద్ధమని ప్రతి జుమా నాడూ వింటూనే, దాన్ని మన ఇంటి ముందే నిలబెట్టుకుంటున్నాము. వడ్డీ వద్దనుకున్న కుటుంబం ప్రయాణం మానుకోవలసిందేనా? ధర్మసమ్మతమైన మరో మార్గం లేదా?

ఉంది. ఒక వస్తువును కొద్దిసేపు వాడుకొని అద్దె చెల్లించడం ఇజారా. నలుగురు పెట్టుబడి కలిపి లాభనష్టాలు పంచుకోవడం ముషారకా. ఈ రెండూ మనకు కొత్తవి కావు. కొత్తగా వచ్చింది విద్యుత్ కారు మాత్రమే.

స్విట్జర్లాండులో 1987లో కొద్దిమంది ఇరుగుపొరుగువారు కార్లను ఉమ్మడిగా వాడుకోవడానికి రెండు సహకార సంఘాలు పెట్టుకున్నారు. అవి 1997లో ఒకటై ‘మొబిలిటీ’ అనే పెద్ద సహకార సంస్థగా నేటికీ నడుస్తున్నాయి. మన రాష్ట్రంలో 2018లో మియాపూర్ మెట్రో స్టేషన్ వద్ద జూమ్‌కార్ సంస్థ చిన్న విద్యుత్ కార్లను గంటల లెక్కన అద్దెకు ఉంచింది. ఢిల్లీ, బెంగళూరులలో విద్యుత్ టాక్సీలు నడిపిన బ్లూస్మార్ట్ కథ మరొకటి. దానితో ముడిపడిన జెన్సోల్ సంస్థపై 2025 ఏప్రిల్‌లో సెబీ ఉత్తర్వు వెలువడగానే టాక్సీలు నిలిచిపోయాయి, వేలాది డ్రైవర్లు వీధిన పడ్డారు. కారూ వారిది కాదు, నిర్ణయమూ వారిది కాదు. వాహనం విద్యుత్తుదా పెట్రోలుదా అన్న ప్రశ్న కన్నా, అది ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న పెద్దదని ఈ ఉదాహరణలు చెబుతున్నాయి.

ఇటీవల నాంపల్లి హజ్‌హౌస్‌లో పని ఉండి హైదరాబాదు వెళ్లినప్పుడు మేము నలుగురం తొలిసారి ఇటువంటి అద్దె విద్యుత్ కారు ఎక్కాము. మాలో ఒకరి అల్లుడు నడిపారు. లైసెన్సు ఫొటో, ముఖం ఫొటో, ముందస్తు డిపాజిట్ అన్నీ ఫోనులోనే జరిగాయి. గేర్లు లేవు, చప్పుడు లేదు. ‘బండి మొదలైందా?’ అని వెనుక కూర్చున్న పెద్దాయన అడిగేసరికి అది వీధి మలుపు దాటింది. రోజంతా తిరిగినా చార్జింగు సగానికి పైగా మిగిలింది. ప్రయాణం సుఖంగా సాగింది.

అయితే ఈ కారు దొరకక ముందు రెండు బుకింగులు యజమానుల వైపు నుంచి రద్దయ్యాయి. కారణం ఎవరూ చెప్పలేదు. పేర్లు చూసి రద్దు చేశారనడానికి మా వద్ద ఆధారం లేదు. కాదనడానికీ లేదు. హైదరాబాదులోనే 2022లో ఒక వినియోగదారుడు, భోజనం తెచ్చే వ్యక్తి ముస్లిం కాకూడదని యాప్‌లో రాసిన సంగతి గిగ్ కార్మికుల సంఘం ద్వారా వెలుగులోకి వచ్చింది. అటువంటి కాలంలో కారణం చెప్పని ప్రతి రద్దూ అనుమానానికి తావిస్తుంది. బుకింగు ఖరారయ్యే వరకు పేరు, ఫొటో కనిపించరాదనీ, రద్దు చేసినవారు కారణం నమోదు చేయాలనీ ప్రభుత్వం నిబంధన తేవాలి. ఇది దయ కోసం అర్జీ కాదు, సమాన పౌరులుగా మన హక్కు.

ఇక గాంధారి సంగతి. ఇక్కడికి నగర కంపెనీలు రావు. వచ్చేదాకా ఎదురుచూడనక్కరలేదు. 20 కుటుంబాలు తలా 50 వేల రూపాయలు వేసుకుంటే 10 లక్షలు. ఒక చిన్న విద్యుత్ కారు వడ్డీ లేకుండా వస్తుంది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద, అంటే మనకు తెలిసిన మ్యాక్స్ చట్టం కింద, వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది ఉంటే సంఘం నమోదు చేసుకోవచ్చు. లాభనష్టాల ఒప్పందాన్ని ఉలమాలకు చూపించి రాసుకోవాలి. సంఘంలో చేరడానికి మతం అడ్డు కారాదు. పక్క తండావారు, పక్క వీధివారు కూడా మనవారే.

ఖర్చు మాట. చిన్న విద్యుత్ కారు ఒక యూనిట్ కరెంటుతో దాదాపు 7 కిలోమీటర్లు నడుస్తుంది. యూనిట్ 8 రూపాయలనుకుంటే కిలోమీటరుకు రూపాయికి కాస్త పైన. లీటరు 100 రూపాయలు దాటిన పెట్రోలుతో అయితే దాదాపు 7 రూపాయలు. బయటి చార్జింగ్ కేంద్రాల్లో ధర రెట్టింపు, అంతకు మించీ ఉన్నా పెట్రోలు కన్నా తక్కువే. 2024 నవంబరు 18 నుంచి అమలైన రాష్ట్ర విద్యుత్ వాహన విధానం టాక్సీలకు కూడా 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించింది. బ్యాటరీ వారంటీ అద్దె వాహనానికి ఎన్నేళ్లు వర్తిస్తుందో మాత్రం కొనే ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

డ్రైవర్ లేకుండా కారును అద్దెకు ఇచ్చే వ్యాపారానికి 1989 నాటి కేంద్ర పథకం ప్రకారం కనీసం 50 కార్లు ఉండాలి. పెద్ద కంపెనీకి అది ద్వారం, చిన్న ఊరి సంఘానికి గోడ. కాబట్టి డ్రైవర్‌తో నడిపే టాక్సీగా మొదలుపెట్టడం మేలు. బ్యాటరీ వాహనాలకు రవాణా పర్మిట్ అవసరం లేదని 2018 అక్టోబరులో కేంద్రం మినహాయింపు ఇచ్చింది. కారు లైసెన్సు ఉన్నవారు ఇటువంటి చిన్న టాక్సీని వేరే అనుమతి లేకుండా నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

డ్రైవర్ ఎవరు? 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక మహిళలకు బస్సు ప్రయాణం ఉచితమైంది. అది మంచిదే, మన అక్కచెల్లెళ్లకు కామారెడ్డి దగ్గరైంది. కాని ఆటోల గిరాకీ తగ్గింది. ఆ ఆటోలు నడిపేవారిలో మన యువకులు ఎందరో ఉన్నారు. సంఘం కారుకు వారినే జీతంపై తీసుకొని, జీతంలో కొంత వాటాగా మార్చుకునే వీలు కల్పించాలి. నేటి డ్రైవర్ రేపు భాగస్వామి కావాలి. అర్ధరాత్రి పురుటినొప్పులు వచ్చినప్పుడు బస్సు ఉండదు. ఈ కారు ఉంటుంది. ఆసుపత్రి ప్రయాణానికి తొలి ప్రాధాన్యం ఇవ్వాలన్నది సంఘం నియమావళిలో మొదటి వాక్యంగా ఉండాలి.

ప్రభుత్వాన్ని మనం అడగవలసినవి మూడు. మైనారిటీ ఆర్థిక సంస్థ వ్యక్తులకే కాక ఇటువంటి సంఘాలకూ వడ్డీ భారం లేని సబ్సిడీ ఇవ్వాలి. 50 కార్ల నిబంధనను సహకార సంఘాలకు సడలించేలా కేంద్రంపై ఒత్తిడి తేవాలి. గాంధారి, ఎల్లారెడ్డి, బాన్సువాడ బస్టాండ్లలో చార్జింగ్ కేంద్రాలు పెట్టాలి. హైదరాబాదు నుంచి ఇటు రావడానికి చార్జింగు భయం ఉన్నంతకాలం ఈ విధానం నగరాలకే పరిమితమవుతుంది.

ఈ అర్జీలు కదిలేలోపు మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ప్రతి మస్జిద్ కమిటీ తన మహల్లాలో ఎన్ని కుటుంబాలు వాహన కిస్తులు కడుతున్నాయో, ఆ కార్లు నెలకు ఎన్ని రోజులు నడుస్తున్నాయో పేర్లు లేకుండా లెక్క తీయాలి. ఆ కాగితం చూసిన తరువాత ఉమ్మడి కారు గురించి ఎవరికీ ఉపన్యాసం చెప్పనక్కరలేదు.